రాజగోపాల్ మామ కొని చూసిన కంప్యూటరు

బయ్యమ్మ పుట్టింట ఒక ఆనవాయితీ ఉండేది. పిల్లనిచ్చే ముందు పిల్లవాడి ఇంటి నుంచి ఏదో ఒకటి కొని చూడాలి. ఊళ్ళో వాకబు చేస్తే కావలసినవాళ్ళు పొగుడుతారు, పడనివాళ్ళు తెగుడుతారు. అమ్మిన సరుకు మాత్రం అబద్ధం చెప్పదని వాళ్ళ నమ్మకం. బయ్యమ్మను ఇచ్చే ముందు ఆమె తండ్రి పిల్లవాడి ఇంట్లో ఒక మూట చెనిక్కాయలు కొని, ఇంటికి తెచ్చి, మూటను తలకిందులుగా దిమ్మరించి అడుగున ఏముందో చూశాడట. ఆమె కూతురు శారదమ్మ వంతు వచ్చినప్పుడు గోవిందప్ప ఇంటి నుంచి నెలంతా పాలు పోయించుకుని తోడేసి చూశారు. పెరుగు గట్టిగా తోడుకుంది. శారదమ్మ గోవిందప్పకు భార్య అయింది. వాళ్ళకు పుట్టిన స్వర్ణలతను బయ్యమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది, నువ్వు పుట్టింది ఆ పెరుగు పుణ్యానే అని.

ఇక స్వర్ణలత వంతు వచ్చేసరికి రెండువేల నాలుగో సంవత్సరం. పిల్లవాడు నరేష్ మదనపల్లెలో కంప్యూటర్లు బిగించి అమ్ముతాడు. వాళ్ళు పొలం కౌలుకిచ్చేసి టౌనుకొచ్చిన వాళ్ళు. మూట కొందామంటే పంట లేదు, పాలు కొందామంటే బర్రె లేదు. ఏం చేద్దామని అందరూ ముఖముఖాలు చూసుకుంటుంటే స్వర్ణలత మేనమామ రాజగోపాల్ తేల్చేశాడు. పిల్లవాడు ఏ వ్యాపారం చేస్తే ఆ సరుకే కొనాలి, అందులో ఆలోచించడానికి ఏముంది అన్నాడు. పుంగనూరులో విత్తనాలు, ఎరువుల అంగడి ఆయనది. ఆ అంగడికి కంప్యూటరుతో పనేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

గోవిందప్పది పెద్దతిప్పసముద్రం దగ్గర మెట్ట పల్లె. ఆ ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి స్వర్ణలతే. కుప్పంలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటూ, హాస్టల్లో ఉంటూ, నెలకు రెండు మార్లు ఇంటికి వచ్చిపోతుండేది. చదువుకుంది కాబట్టి ఎవరినైనా ఎదిరించి మాట్లాడుతుందేమోనని బంధువులు భయపడేవాళ్ళు. ఆ భయం పోగొట్టడానికి ఆమె మరీ అణకువగా ఉండేది. పెళ్ళిచూపులైన సాయంత్రం పిల్లవాడు నచ్చాడా అని అడిగితే, పెద్దవాళ్ళు నేర్పిన మాటే చెప్పింది. "మీ ఇష్టం."

మనసులో సంగతి వేరు. ఆ పెళ్ళిచూపుల నాడు అందరూ మైసూరుపాకు తింటుండగా పైన ఫ్యాను గరగరమని ఆగిపోయింది. నరేష్ చేతిలో ప్లేటు కింద పెట్టి, ఇంట్లో స్క్రూడ్రైవర్ ఉందా అని అడిగాడు. వాళ్ళమ్మ కళ్ళతో ఉరిమినా వినిపించుకోలేదు. కుర్చీ ఎక్కి, రెగ్యులేటరు విప్పి, దులిపి, బిగించి, ఫ్యాను తిరిగాక దిగి మళ్ళీ మైసూరుపాకు అందుకున్నాడు. పిల్లను చూడటానికి వచ్చి ఫ్యానును చూసిపోయాడని బయ్యమ్మ వారం రోజులు నవ్వింది. స్వర్ణలత నవ్వలేదు. ఆ మనిషి పక్కన ఉంటే బతుకులో ఏది ఆగిపోయినా మళ్ళీ తిరుగుతుందని ఆమెకు ఎందుకో గట్టిగా అనిపించింది. అయితే "మీ ఇష్టం" అన్న ఆడపిల్ల ఆ పైన నోరు విప్పడానికి లేదు. ఇక అంతా మామ కొన్న కంప్యూటరు మీద ఆధారపడి ఉంది.

నరేష్ పుంగనూరుకు వచ్చి రాజగోపాల్ ఇంట్లోనే కంప్యూటరు బిగించాడు. రాజగోపాల్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, పెట్టెలోంచి తీసిన ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, ఇదేంది, దీని గొప్పేంది అని అడిగాడు. జానెడు పొడవుండే ఆకుపచ్చ పట్టీ వంతు వచ్చినప్పుడు, ఇది మెమరీ అనీ, దీని వేగం నాలుగువందలనీ, ఇప్పుడొచ్చే వాటిల్లో ఇదే మంచిదనీ నరేష్ చెప్పాడు. పట్టీ మీద అతికించిన కాగితం మీద కూడా 400 అనే ఉంది. రాజగోపాల్ కళ్ళజోడు సవరించుకుని ఆ అంకెను బుర్రలో రాసిపెట్టుకున్నాడు. విత్తనాల అంగడి నడిపే మనిషికి, సంచి మీద ఉన్నదల్లా సంచిలో ఉండదని ఎవరూ చెప్పనక్కర్లేదు. కంప్యూటరు సంచిని విప్పి చూడటం ఎలాగన్నదే ఆయనకు అంతుచిక్కలేదు.

ఆ ఉపాయం ఒక కంప్యూటరు పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో దొరికింది. పెట్టె విప్పకుండానే లోపల ఏ భాగం ఏ రకమో చదివి చెప్పే చిన్న సాఫ్ట్‌వేరు అందులో ఉంది. రాజగోపాల్ దాన్ని నడిపించాడు. మెమరీ పేజీ తెరిచాడు. వేగం అన్న చోట రెండువందలని ఉంది. మూసి తెరిచాడు. రెండువందలే. కంప్యూటరును ఆపి, దేవుడికి దండం పెట్టుకుని, మళ్ళీ ఆన్ చేసి చూశాడు. మెమరీ తన మాట మార్చుకోలేదు.

కుప్పం హాస్టలుకు ఫోను చేసింది శారదమ్మే. "నన్నూరని సెప్పి ఇన్నూరుది ఇచ్చినాడంట మే. సగానికి సగం. మీ మామ ఆదివారం ఆ పిల్లోణ్ణి పిలిపిస్తాండాడు. నువ్వు కూడా వచ్చేసేయ్."

ఆ మాట విని స్వర్ణలతకు నవ్వు ఆగలేదు. నవ్వితే బాగుండదని దగ్గుగా మార్చుకుంది. పోయిన ఏడాది వాళ్ళ ల్యాబుకు కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు తనూ సరిగ్గా ఇలాగే రెండువందలు చూసి, సగం వేగంది అంటగట్టావని సరఫరా చేసినాయనతో కాలేజీ గేటు దగ్గరే తగువుకు దిగింది. ఆయన నోరెత్తలేక వెళ్ళిపోయాక, పుస్తకం తీసి చదువుకుని సిగ్గుపడింది. కాబట్టి ఆ సంగతి ఆమెకు తెలుసు. ఫోనులో చెప్పేద్దామనుకుని ఆగింది. చెబితే వాళ్ళమ్మ ఊరుకోదు, అప్పుడే వెనకేసుకొస్తున్నావా అంటుంది. అయినా తను చెప్పడం ఎందుకు? రోజూ అదే పనిచేసే మనిషి, నరేషే వచ్చి రెండు ముక్కల్లో చెప్పేస్తాడు. మామ ముఖం ఎలా పెడతాడో చూడొచ్చు. పలమనేరు మీదుగా పుంగనూరు చేరేదాకా బస్సులో ఆమె ఆ ముఖాన్ని ఊహించుకుంటూనే ఉంది.

ఆదివారం పొద్దున నరేష్ బ్యాగు భుజాన వేసుకుని వచ్చాడు. నడవలో కంప్యూటరు ముందు రాజగోపాల్, ఆయన వెనక కుర్చీలో గోవిందప్ప, కింద గోడకు ఆనుకుని వక్కాకు దంచుకుంటూ బయ్యమ్మ. వంటింటి వాకిట్లో శారదమ్మ, ఆమె వెనక చేటలో చిక్కుడుకాయలతో స్వర్ణలత. రాజగోపాల్ తెర మీద అంకె దగ్గర వేలు పెట్టి, చదువు నాయనా అన్నాడు.

నరేష్ చదివాడు. ముఖంలో నవ్వు పోయింది. మూసి తెరిచాడు. కరెంటు ఆపి, పెట్టె పక్క రేకు విప్పి, పట్టీని ఊడదీసి కాగితం మీద అంకె చూశాడు. నాలుగువందలు. మళ్ళీ పెట్టి ఆన్ చేశాడు. రెండువందలు. ఇప్పుడు చెబుతాడు, ఇదుగో ఇప్పుడు చెబుతాడు అని స్వర్ణలత చిక్కుడుకాయ నార తీయడం కూడా మరిచిపోయి చూస్తోంది.

నరేష్ లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"తప్పు నాదే సార్. బెంగుళూర్లో కాగితం మీద అంకె సూసి తెచ్చేసినాను. లోపల ఇట్లుంటాదని నాకు తెలీదు. దీన్ని తీసేసి మంచిది తెచ్చేస్తాను. ఇదే సరుకు ఇంకో ఇద్దరికి కూడా ఇచ్చుండా. వాళ్ళకి కూడా ఈపొద్దే సెప్పేస్తాను."

స్వర్ణలత చేతిలో చేట ఒరిగి కాయలు కింద పడ్డాయి. ఒరే నాయనా, నిన్నెవరు ఒప్పుకోమన్నారు అని ఆమె ప్రాణం కొట్టుకుంది. దొంగతనం చేసి కాదన్నవాళ్ళను చూసింది గానీ, చేయని దొంగతనాన్ని ఇంత నిమ్మళంగా నెత్తికెత్తుకున్న మనిషిని చూడటం ఆమెకు అదే మొదలు. ఆ మనిషికి కంప్యూటరు బిగించడం వచ్చు, చెడితే బాగుచేయడం వచ్చు. ఆ అంకె ఎందుకలా వస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు, ఇన్నాళ్ళూ ఎవరూ అడగనూ లేదు.

రాజగోపాల్‌కు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. ఆయన జాలిగా తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"నీ మింద కోపం లేదప్పా. నువ్వు మంచోడివే. కానీ నన్నూరని నమ్మి ఇన్నూరు తెచ్చేవోడివి, రేపు సంసారంలో ఎన్ని తట్ల మోసపోతావో. మేము పిల్లనిచ్చేవోళ్ళం. ఈ మాట ఇంతటితో ఇడిసిపెడదాం."

గోవిందప్ప నేల వైపు చూశాడు. బావమరిది మాటకు అడ్డు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. నరేష్ సరే సార్ అని వంగి, పట్టీని ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. మళ్ళీ రేకు విప్పుతూ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వంటింటి వాకిలి వైపు చూశాడు. క్షమాపణ అడిగినట్లుంది ఆ చూపు.

పట్టీ ఆ పెట్టెలోంచి బయటికొస్తే సంబంధం కూడా ఈ ఇంట్లోంచి బయటికి పోయినట్లే. నోరు విప్పితే, ఇన్నాళ్ళ "మీ ఇష్టం" గంగలో కలుస్తుంది. స్వర్ణలత వాళ్ళమ్మ భుజం పక్కగా ముందుకొచ్చింది.

"మామా, పట్టీ తీయొద్దని సెప్పు. ఆయన తెచ్చింది నన్నూరుదే."

వక్కాకు దంచుతున్న చప్పుడు ఆగిపోయింది. కింద నుంచి బయ్యమ్మ తలెత్తింది.

"ఆయనా? ఎవురే ఆ ఆయన?"

స్వర్ణలతకు చెవులు వేడెక్కాయి. వెనక్కి పోవడానికి దారి లేదు కాబట్టి ముందుకే పోయింది. మెమరీకి లోపల ఒక గడియారం కొట్టుకుంటూ ఉంటుందనీ, ఆ దెబ్బ లేచేటప్పుడొకసారి, పడేటప్పుడొకసారి సమాచారం నడుస్తుందనీ గబగబా చెప్పింది. ల్యాబులో పిల్లలకు చెప్పే పాఠమే. రాజగోపాల్ తెర మూల ఉన్న టైము వైపు చూసి, ఇది కరెక్టుగానే ఉండాదే అన్నాడు. ఈ పాఠం ఈ బడికి పనికిరాదని ఆమెకు అర్థమైంది. కాసేపు ఆలోచించి, మామ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మామా, నువ్వు సిన్నప్పుడు బాయి కాడ కపిల తోలినావు గదా."

"తోలినాను. ఈ ఎముకలన్నీ కపిల తోలినవే."

"ఎద్దులు వాలులోకి దిగితే నీళ్ళు పైకొస్తాయి. మళ్ళా ఎనక్కొచ్చేటప్పుడు?"

"అప్పుడేం ఉంటాది? ఉత్త బొక్కెన బాయిలోకి దిగతా ఉంటాది."

"పాత మెమరీ ఆ కపిల మాదిరి. పోయేటప్పుడే పని, వచ్చేటప్పుడు ఉత్తదే. ఇది పొలం దున్నే మడక మాదిరి. పోయేటప్పుడొక సాలు, వచ్చేటప్పుడొక సాలు. నీ సాఫ్ట్‌వేరు గట్టు మింద కూసోని, ఎద్దులు ఎన్ని మాట్లు పోయొచ్చినాయో అంతే లెక్కేస్తాండాది. అమ్మేవోళ్ళు సాళ్ళు లెక్కేసి సెప్తారు. ఎద్దులు ఇన్నూరు మాట్లు పోయొస్తే సాళ్ళు ఎన్ని?"

వెనక కుర్చీలోంచి గోవిందప్ప నన్నూరు అన్నాడు, మెల్లిగా, ఎవరూ అడగకపోయినా. దున్నకం లెక్క కాబట్టి ఆగలేకపోయాడు.

రాజగోపాల్ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఆయనకు తెలిసిన లోకంలో సంచి మీద చీటీ మార్చడం క్షణం పని. ఇది నిజంగా మడక రకమే అని నమ్మకమేంది, ఎవడో కపిల రకం పట్టీకి మడక చీటీ అతికించి ఉంటే అని అడిగాడు. సరైన ప్రశ్నే. స్వర్ణలత లేచి, అదే సాఫ్ట్‌వేరులో పక్క పేజీ తెరిచింది. కాగితం బయట అతికించిందనీ, ఈ పేజీ మాత్రం లోపలి మాట అనీ చెప్పింది. పట్టీ మీదే గోరంత చిప్పు ఒకటి ఉంటుంది. పట్టీ ఏ రకమో, దాని వేగమెంతో కంపెనీవాళ్ళు తయారు చేసేటప్పుడే అందులో రాసిపెడతారు. సాఫ్ట్‌వేరు దాన్నే చదివి చూపిస్తుంది. చీటీ చించి పారేసినా ఆ చిప్పు తన పుట్టుక మరిచిపోదు.

ఆ పేజీలో పీసీ 3200 అని ఉంది, దాని పక్కన మళ్ళీ రెండువందలని ఉంది. రాజగోపాల్ తల పట్టుకున్నాడు. ఒక పూటలో ఇన్నూరు, నన్నూరు, మూడువేల రెండునూర్లు. సంతలో దళారి కూడా ఇన్ని రేట్లు చెప్పడు అన్నాడు.

"ఇన్నూరు ఎద్దుల లెక్క మామా, అది ఈడ కూడా అట్లే రాస్తారు. పెద్ద అంకె గింజల లెక్క. నన్నూరు సాళ్ళు, సాలుకు ఎనిమిది గింజలు అనుకో. నువ్వే వేసి సూడు."

రాజగోపాల్ అంగట్లోకి పోయి క్యాలిక్యులేటరు తెచ్చుకున్నాడు. నాలుగువందలు కొట్టాడు, ఎనిమిదితో గుణించాడు. మూడువేల రెండువందలు వచ్చింది. కంప్యూటరు చెబితే నమ్మనిది, మేనకోడలు చెబితే నమ్మనిది, రోజూ ఎరువుల మూటలు లెక్కవేసే తన సొంత క్యాలిక్యులేటరు చెప్పేసరికి ఆయన నమ్మక తప్పలేదు. కానీ ఓడిపోయినట్లు కనబడటం ఇష్టం లేక దాన్ని మరోసారి కొట్టాడు.

ఇంతసేపూ నరేష్ స్క్రూడ్రైవర్ పట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని, తరగతిలో వెనక బెంచీ పిల్లవాడిలా వింటున్నాడు. చివరికి స్వర్ణలతనే నేరుగా అడిగాడు. అయితే ఆ ఇద్దరికి ఇచ్చిన సరుకు కూడా మంచిదేనా అండీ అని. మంచిదేనండీ అని ఆమె చెప్పింది. అతను గట్టిగా ఊపిరి వదిలాడు. పోయిన మాసం తిరపతి నుంచి వచ్చినాయన కంప్యూటరు నిదానంగా ఉండాది, మెమరీ మంచిది కాదంటే, వాదించలేక ఆయనకు ఇంకో పట్టీ ఊరికే ఇచ్చేసినానండీ అని చెప్పుకున్నాడు. ఆ మాట విని శారదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రాజగోపాల్ గొంతు సవరించుకున్నాడు. ఆయన దగ్గర ఇంకొక బాణం మిగిలి ఉంది.

"సరే. సరుకు మంచిదే. కానీ అమ్మేవోనికే సరుకు సంగతి తెలీదే. మనం కొని సూసింది యాల మరి?"

స్వర్ణలతకు కూడా నిజమే కదా అనిపించింది. నరేష్ తల వంచుకున్నాడు. అప్పుడు బయ్యమ్మ దంచిన వక్కాకు బుగ్గన పెట్టుకుని, మోకాలి మీద చేయి ఆనించి లేచింది.

"ఒరే గోపాలా, మా నాయన మూట దిమ్మరించింది అడుగున మోసం ఉండాదేమో సూడ్డానికి. వీనికి అడుగు పైన అని రెండు లేవు గదరా. నేను కాపురం సేసినన్నాళ్ళు మీ నాయన సేసిన తప్పు కూడా ఒక్కనాడు ఒప్పుకుండ్లేదు. సేయని తప్పు ఒప్పుకునే మొగుడు మళ్ళా దొరుకుతాడంటరా? సంగతి తెలీకుంటే ఏమి, తెలిసిన పిల్ల ఉండాది గదా ఆడ."

ముందుగా నవ్వింది రాజగోపాలే. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు గానీ భుజాలు కదలడం అందరికీ కనబడింది. పెద్దరికం పోకూడదని వెంటనే సర్దుకుని, అక్క కూతురి వైపు తిరిగి, నీకు ఇష్టమేనా అమ్మణ్ణీ అని పద్ధతి ప్రకారం అడిగాడు.

స్వర్ణలత మళ్ళీ ఆ పాత రెండు మాటలే చెప్పబోయింది. నోటిదాకా వచ్చాయి కూడా. అవ్వ ముఖం చూసి మింగేసింది.

"ఇష్టమే మామా" అంది.

"ఇంకా అడగల్నా దాన్ని?" అంది బయ్యమ్మ. "ఎద్దుల్ని కట్టి, మడక తోలి, గింజలు ఎదజల్లి మరీ సెప్పింది గదా."

శారదమ్మ కిందపడిన చిక్కుడుకాయలు ఏరుకుంటూ, భోజనానికి ఉండమని నరేష్‌కు చెప్పమంది. చెప్పాల్సింది పిల్ల తండ్రి కాబట్టి అందరూ గోవిందప్ప వైపు చూశారు. గోవిందప్ప మాత్రం ఎవరి వైపూ చూడటం లేదు. కుర్చీని తెర దగ్గరికి లాక్కుని, స్వర్ణలత తెరిచిన పేజీలు ఒక్కొక్కటే మౌసుతో నొక్కి చూస్తున్నాడు. మౌసు పట్టుకోవడం ఆయనకు అదే మొదలు. నాగలి మేడి పట్టినట్లు గట్టిగా పట్టుకున్నాడు.

"దీని కింద మూడు, మూడు, మూడు, ఎనిమిది అని వరసగా ఉండాయే" అన్నాడు. "ఇవేమప్పా?"

ఆ "అప్పా" నరేష్‌ను అని అందరికీ అర్థమైంది. నరేష్ వంగి ఆ అంకెలు చూశాడు. స్వర్ణలత వైపు చూశాడు. ఆమె కూడా తల అడ్డంగా ఊపింది. ఆమె చదివిన పుస్తకం ఆ పేజీ దాకా పోలేదు.

"తెలీదు మామా" అన్నాడు నరేష్.

అన్నాక గాని తానేమని పిలిచాడో అతనికి తట్టలేదు. గోవిందప్ప మౌసు వదలకుండానే, పక్కన ఉన్న స్టూలును కాలితో అతని వైపు జరిపాడు.